చివరి పోటు పులస

కరామా, దుబాయ్
18 ఆగస్టు 2023, శుక్రవారం

తమ్ముడు లోవరాజుకి,

నీ ఒంట్లో ఎలా ఉంది? చెవిలో చీము కారడం తగ్గిందా? నూకరత్నం మోకాళ్ళు ఎలా ఉన్నాయి? రేవు మెట్లు మామూలుగా దిగుతోందా, గోడ పట్టుకుని దిగుతోందా? నరసాపురంలో మన సుధారాణి, అల్లుడు కులాసాయేనా? దాని చంటిదానికి పళ్ళొచ్చేటప్పుడు జ్వరం కాసిందన్నారు, తగ్గిందా? గేదె ఈనిందా? ఎవరి సంగతి వారిది విడివిడిగా రాయి. అందరం బాగున్నాం అని ఒక్క మాటలో రాశావంటే ఎవరికో బాగాలేదనే నేను అనుకుంటాను. నా బుద్ధి నీకు తెలుసు.

ఫోను చేస్తే నువ్వొక్కడివే హలో హలో అని అరిచి పెట్టేస్తున్నావు. నీ చెవులు పోయిన దగ్గర్నుంచి నా మాట నీకు చేరే దారి లేకుండా పోయింది. నూకరత్నానికి చెబితే అందులో సగమే నీకు చెబుతుంది. ఆ సగం కూడా తనకి నచ్చినట్టు చెబుతుంది. (ఇది చదివి నా మీద కోప్పడొద్దని చెప్పు.) వాసు నా ఉత్తరాన్ని ఫొటో తీసి పంపుతానన్నాడు గానీ మీ ఇంట్లో ఉన్నవి బొత్తాల ఫోన్లాయె. అందుకని మళ్ళీ కాగితం పట్టుకున్నాను. ఐదో తరగతి చదువు, అక్షరాలు వంకరపోతే సర్దుకో. మనూరి దేవి షార్జా రోలాలో ఒకరింట్లో పని చేస్తోంది కదా, సెలవు మీద ఇంటికొస్తోంది, దాని చేతికిస్తున్నాను.

గోదారికి ఎర్రనీరు దిగిందా? పులస తగిలిందా? ఒంటరిగా నావ తియ్యకురా. వెనకనుంచి లాంచీ వాడు కూత వేసినా నీకు వినబడదు. అది తలచుకుంటే నాకు అన్నం సయించదు.

వాసు కొత్త పనిలో చేరాడు. జెబెల్ అలీలో చేపలు పెంచే కంపెనీ అది. ఎంత పెద్ద షెడ్డంటే మన రేవంత ఉందట. అందులో తొట్లు, తొట్ల నిండా సాల్మన్ అనే చేపలు. వాడు చెబుతుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. అవి కూడా మన పులసలాంటివేనట. సముద్రంలో తిరిగి తిరిగి, వాటి దేశంలో ఆకురాలే కాలం రాగానే ఏట్లోకి ఎదురెక్కి వెళతాయట. ఆ కాలాన్నే ఇక్కడ మిషన్లతో తయారు చేస్తున్నారు. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే లోపల వాడు చలికోటు వేసుకుని పని చేస్తాడు. మోటార్లతో నీళ్ళకి వడి పెడతారట. ఆ చేపలు రాత్రీ పగలూ దానికి ఎదురీదుతూ ఉన్నచోటే ఉంటాయట. "ఎక్కడికి వెళుతున్నామనుకుంటాయిరా అవి?" అన్నాను. "నన్నడిగితే నాకేం తెలుసమ్మా, మావయ్యనడుగు" అన్నాడు.

నా సంగతి ఏం రాయను. కడుపులో పోటు వస్తుంటే నేను పనిచేసే ఇంటి కామాక్షమ్మగారు క్లినిక్కుకి తీసుకెళ్ళారు. స్కానింగు తీసి, లోపల ఏదో గడ్డలా కనబడుతోందన్నారు. కొయ్యాలంట. ఏమవుతుందో, ఎలా అవుతుందో, ఇక నా చేతిలో లేదు. నోటికి ఏదీ రుచించడం లేదు. పులస పులుసు తినాలని మాత్రం ప్రాణం లాగేస్తోంది. మన నూకరత్నం కుండలో వండినది.

నీ ఆరోగ్యం జాగ్రత్త. నీళ్ళలో ఎక్కువసేపు నానకు.

నీ అక్క,
రాజ్యం

*

చింతరేవు
5 సెప్టెంబరు 2023

అక్కా,

దేవి నీ ఉత్తరం తెచ్చిచ్చింది. విడివిడిగా రాయమన్నావు కాబట్టి అలాగే రాస్తున్నాను. నా చెవి ఎండిపోయింది, నొప్పి లేదు, వినబడదు. నూకరత్నం గోడ పట్టుకునే దిగుతోంది. సుధారాణి బాగుంది, అల్లుడు బాగున్నాడు, చంటిదానికి కింద రెండు పళ్ళొచ్చాయి. గేదె పెయ్యని ఈనింది. ఇక్కడ ఇక ఎవరూ మిగల్లేదు.

నీ సంగతి సరిగ్గా చెప్పు. గడ్డ ఏ పక్క ఉంది? డాక్టరు నీకు ఎన్నాళ్ళని చెప్పాడు? నా దగ్గర దాచకు, నేనేం చిన్నపిల్లాణ్ణి కాను. రాత్రిపూట నీ పక్కన ఎవరు పడుకుంటున్నారు?

అమ్మ కూడా ఇలాగే పులస కావాలని పేరుపెట్టి అడిగింది. అప్పుడు నువ్వు దుబాయ్‌లో ఉన్నావు. ఇప్పుడా మాట వద్దులే. నీకు మాత్రం పులస వస్తుంది. నేను తెస్తాను. నువ్వు ధైర్యంగా ఉండు చాలు.

ఈ ఏడు ఎర్రనీరు ఆలస్యంగా దిగింది, తొందరగా పోయింది. వచ్చిన కాసిని చేపల్నీ సముద్రంలో కలిసే మొగ దగ్గరే మోటారు బోట్లవాళ్ళు పట్టేస్తున్నారు. మన రేవులో చాలామంది నావలు ఒడ్డుకి లాగేసి రొయ్యల చెరువుల పనికి పోతున్నారు. నేను మాత్రం తెల్లారగట్ల వెళుతూనే ఉన్నాను. చేప పడకపోయినా వెళ్ళాలనిపిస్తుంది. ఈ రోజుల్లో గోదారి ఎలా ఉంటుందో నువ్వు మర్చిపోయుంటావు. నీళ్ళు ఎరుపు విరిగి తేనెరంగుకి తిరుగుతాయి. లంకల నిండా రెల్లు పూసింది. వల విడిచేసి, చుట్ట వెలిగించి, నీళ్ళతోపాటు కిందికి జారుతూ కూర్చుంటే నాకు చెవుల్లేవన్న సంగతే గుర్తుండదు. ఆ వేళకి వినవలసింది ఏమీ ఉండదు కూడా.

మునుపు పులస తగిలితే వల మీద తేలే బెండ్లు నీళ్ళు కొట్టే చప్పుడు వినేవాణ్ణి. ఇప్పుడు వల తాడు కాలి బొటనవేలికి చుట్టుకుంటున్నాను. చేప ముట్టగానే వేలు చెప్పేస్తుంది. జెల్లకి ఒకలాగ, పండుగప్పకి ఒకలాగ, పులసకి ఒకలాగ. పులస గుంజదు అక్కా, వణుకుతుంది. ఆ వణుకు అరికాల్లోంచి గుండెల్లోకి వస్తుంది. నువ్వు ఉంటే నీ వేలికి చుట్టి చూపించేవాణ్ణి.

వాసుని ఒక మాట అడుగు. ఆ చేపలు నీటి వడికి ఎదురుగా మొహం పెట్టి నిలబడతాయా, పక్కకి తిరుగుతాయా? ఎదురుగా నిలబడితే మన పులస కులమే.

తమ్ముడు,
లోవరాజు

*

కరామా
24 సెప్టెంబరు 2023, ఆదివారం

లోవరాజూ,

పోస్టులో నీ ఉత్తరం అందింది. నీకేమైందిరా? పుట్టి బుద్ధెరిగాక నువ్వు నాకింత ప్రేమగా రాయలేదు. "ధైర్యంగా ఉండు చాలు" అంటావా! నీకే ఏదో జబ్బు చేసి నా దగ్గర దాస్తున్నావు. నూకరత్నానికి ఫోను చేసి అడిగితే "ఆయనకేం వదినా, దుక్కలా ఉన్నారు" అంది. అది ఎప్పుడూ ఆ మాటే అంటుంది. నా సంగతి చెప్పేలోపే లైను తెగిపోయింది.

ముందు నా సంగతి విను. గడ్డ కాదు, ఏమీ కాదు. పెద్ద డాక్టరు చూసి, పైత్యపు తిత్తిలో రాళ్ళున్నాయి, చిన్న చిల్లులు పెట్టి తీసేస్తాం, ఇది ఇక్కడ రోజూ చేసేదే అన్నాడు. షుగరు కొంచెం ఎక్కువుందని వచ్చే నెల మొదట్లో రమ్మన్నాడు. రాళ్ళకోసం నేను అంత భయపడ్డానని మా అయ్యగారు నరసింహమూర్తిగారు నవ్వారు కూడా. "రాజ్యంగారూ, మీరు ఇల్లు కట్టుకోవడానికి దాచుకున్నట్టున్నారు" అన్నారు.

ఆ తాడు కాలికి చుట్టుకోవడం ఇవాళే మానెయ్యి. పెద్ద చేపో, కొట్టుకొచ్చిన దుంగో లాగిందంటే వేలు ఉంటుందా? నువ్వు నీళ్ళలో పడితే అరిచినా ఎవరు వింటారు? నీకు వాళ్ళ మాట వినబడదు, వాళ్ళకి నీ కేక వినబడదు. నాకు పులస వద్దు, ఏమీ వద్దు. సీజను అయిపోయింది, నావ లాగేసి ఇంట్లో కూర్చో.

వాసుని అడిగాను. వడికి ఎదురుగానే నిలబడతాయట, అన్నీ ఒకవైపే, బడిపిల్లల్లాగ. నీ మాట చెబితే "అయితే మావయ్య చుట్టాలేనన్నమాట" అని నవ్వాడు. కంపెనీలో అడిగి ఒక చేప తెచ్చాడు. మా కామాక్షమ్మగారింట్లో గుడ్డు కూడా గుమ్మం దాటకూడదు, నీకు తెలుసు కదా. అందుకని కింద ఫ్లాట్లో బట్టలు కుట్టే అల్మాస్ ఇంట్లో వండాను. హైదరాబాదు పిల్ల, మంచిది. కోస్తే దాని కండ మందారపువ్వు రంగులో ఉంది. నేను హడలిపోయాను, చెడిపోయిందేమోనని. అదే దాని రంగట. బెండకాయలు వేసి, చింతపండు పులుసు పోసి, మన పద్ధతిలోనే పెట్టాను. అల్మాస్ లొట్టలేసుకుని తింది. "మస్తుంది అమ్మా, రోజూ మా ఇంట్లనే వండు" అంది. నాకు మాత్రం అందులో గోదారి లేదనిపించింది. పాపం చేపదేం తప్పు, అది ఏరు చూసిందా ఏమన్నానా.

అమ్మలాగ అడిగానని రాశావు. నా మాట అమ్మ మాటలా ఉంటుందని నువ్వు ఎప్పుడూ అంటావుగా.

ఈ ఉత్తరం మా కింది కొట్టులో పనిచేసే తౌసీఫ్ చేతికిస్తున్నాను. రాజమండ్రి కుర్రాడు. ఎల్లుండి విమానం. వెళ్ళగానే చింతరేవు వచ్చి నీ చేతికే ఇస్తానన్నాడు.

చలిగాలిలో తిరక్కు. చెవికి దూది పెట్టుకో.

అక్క
రాజ్యం

*

చింతరేవు
9 అక్టోబరు 2023

అక్కా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. రోజూ పోస్టు కుర్రాణ్ణి అడుగుతున్నాను, వాడు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతున్నాడు. నూకరత్నం చేత వాసుకి ఫోను చేయించాను. "అమ్మకి ఆపరేషనైంది, బాగానే ఉంది మావయ్యతో చెప్పు" అన్నాడట. ఒక్క మాటలో. ఎలా ఉంది, ఏం తింటోంది, ఏమీ విడివిడిగా చెప్పలేదట. ఒక్క మాటలో చెబితే ఏమిటని అర్థమో నువ్వే నాకు నేర్పావు. వాడు కుర్రాడు, వాడికి దాచడం చేతకాదు.

మన రేవులో పులస కోసం నావ తీసేది ఇప్పుడు నేనొక్కణ్ణే. "బాబాయికి మతిపోయింది, అక్టోబర్లో పులసేమిటి" అని ఒడ్డుమీద నవ్వుకుంటున్నారు. వాళ్ళ పెదాలు చూస్తే తెలుస్తుంది. నవ్వనీ. వచ్చే శనివారం మహాలయ అమావాస్య. సముద్రం పెద్ద పోటు పెడుతుంది. వెనకబడిన చేప ఏదైనా ఉంటే ఆ పోటుకే లోపలికొస్తుంది. నాన్న చెప్పేవాడు, చివరి పోటుకి వచ్చేది ఒక్కటే వస్తుంది, అది మాత్రం తప్పకుండా వస్తుంది అని. మొగ దాకా దిగి చూస్తాను.

నువ్వు చిన్నప్పుడు నాన్న నిన్ను నావ ముందువైపు కూర్చోబెట్టేవాడు గుర్తుందా? ఆడపిల్లని నావెక్కిస్తావా అని అమ్మ తిట్టేది. "అది కూర్చుంటే చేప తెలుస్తుందే" అనేవాడు. నువ్వు నీళ్ళలో చెయ్యిపెట్టి, ఇటు ఇటు అని చూపించేదానివి. నాకు కుళ్ళుగా ఉండేది. ఇప్పుడు పొద్దున్నే మంచు పడుతోంది. నీళ్ళమీద పొగలా లేస్తుంది. అందులోకి నావ వెళితే ఒడ్డు, ఊరు, నా వయసు, ఏవీ ఉండవు. అలా వెళ్ళేటప్పుడు నువ్వు ముందు కూర్చున్నట్టే ఉంటుంది.

15 అక్టోబరు, ఆదివారం

దొరికింది అక్కా! ఆడచేప, నిండు గుడ్డుతో ఉంది. నూకరత్నం కుండలో పెడుతోంది. దేవి రేపు బయలుదేరుతోంది, దానితో పంపుతున్నాను. నిదానంగా తిను. గుడ్డు ముందు తిను. నాకు కొంచెం జలుబు చేసినట్టుంది, అక్షరాలు అటూ ఇటూ పోతున్నాయి.

లోవరాజు

*

కరామా
20 అక్టోబరు 2023, శుక్రవారం

ఒరేయ్ లోవరాజూ,

తిన్నానురా. కడుపు నిండా తిన్నాను.

మొన్న దేవి తిన్నగా విమానం దిగి మా బిల్డింగుకే వచ్చింది. స్టీలు క్యాను, మూతకి చుట్టూ పిండిముద్ద, పైన పాత చీర చుట్టి. విమానాశ్రయంలో మూత తియ్యమన్నారట. "తీస్తే మీకే ఆకలేస్తుంది సార్" అందట ఇది! వాడు నవ్వి వదిలేశాడట. కామాక్షమ్మగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "మీ తమ్ముడు పంపింది కదా, వద్దనను. కానీ కిందే తినండి" అన్నారు. అల్మాస్ ఇంట్లో కూర్చున్నాం. వాసు కూడా జెబెల్ అలీ నుంచి కంపెనీ బస్సులో వచ్చాడు. గుడ్డు ముందు నేనే తిన్నాను, నువ్వు చెప్పినట్టు. పైన ఆవకాయ నూనె తేలుతోంది. నూకరత్నం చెయ్యి దానిదే. అల్మాస్ ముళ్ళతో కుస్తీ పట్టి "ఏంది అమ్మా, ఈ చేప లోపల సూదుల దుకాణముంది" అంటే వాసు పొలమారేదాకా నవ్వాడు. ఆఖరికి క్యాను అడుగు పులుసు వేలితో నాకాను. నాకు సిగ్గు వెయ్యలేదు.

మొన్న మూడో తారీఖున ఆపరేషనైంది. రాళ్ళు చిన్న సీసాలో వేసిచ్చారు, శనగల్లా ఉన్నాయి. కుట్లు ఇంకా లాగుతున్నాయి. నూనె తినొద్దన్నారు, తిన్నాను, ఏమీ కాలేదు. ఈ మాట డాక్టరుకి చెప్పొద్దని కామాక్షమ్మగారితో ఒట్టు వేయించుకున్నాను.

కానీ నీ ఉత్తరం చివర అక్షరాలు చూస్తే నాకు భయంగా ఉంది. జలుబంటే వట్టి జలుబేనా? జ్వరం ఉందా? మొగ దాకా ఒంటరిగా వెళ్ళావా? వద్దని నేను రాసింది నీకు అందనే లేదు. తౌసీఫ్ సెలవు వాళ్ళ ముదీర్, అదే మేనేజరు, ఆపేశాడని నిన్ననే తెలిసింది. ఇన్నాళ్ళూ నా ఉత్తరం వాడి పెట్టెలోనే ఉందిరా! వాడిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. నెలాఖరుకి వెళతాడట. ఈ ఉత్తరం మాత్రం పోస్టులో వేస్తున్నాను.

ఆవిరి పట్టు. మిరియాల కషాయం తాగు.

అక్క
రాజ్యం

*

కరామా
10 నవంబరు 2023, శుక్రవారం

లోవరాజూ,

జవాబు రాయవేం? పులుసు తిన్నానని రాశాను, బాగుందని రాశాను. దానికైనా "సరే" అని ఒక ముక్క రాయొచ్చు కదా. కోపం వచ్చిందా? నేను తిట్టానని అలిగావా?

నూకరత్నానికి ఫోను చేస్తే ఎత్తడం లేదు. ఒకసారి సుధారాణి ఎత్తి, "అత్తా, అమ్మ గేదె దగ్గరుంది, సిగ్నల్ లేదు" అని పెట్టేసింది. సిగ్నల్ లేకపోతే దాని గొంతు అంత స్పష్టంగా ఎలా వినబడింది? గొంతు బొంగురుగా ఉంది. చంటిదానికి ఏమైనా అయిందా? అదైతే చెప్పండి, దాచకండి. అల్లుడితో గొడవ పడి పుట్టింటికొచ్చి కూర్చుందా?

ఇక్కడ వాసు తీరు కూడా నాకు అర్థం కావడం లేదు. ఎల్లుండి దీపావళి. కొత్త చొక్కా కొంటానంటే వద్దన్నాడు. గడ్డం పెంచాడు. శుక్రవారం వస్తాడు, నా పక్కన కూర్చుంటాడు, కుట్లు చూపించమంటాడు, "ఇంకా లాగుతున్నాయా అమ్మా" అంటాడు, వెళ్ళిపోతాడు. ఉద్యోగం పోయిందేమోనని అడిగాను, కాదన్నాడు. ఏ పిల్లనైనా ఇష్టపడ్డావా అని అడిగితే లేచి బాల్కనీలోకి పోయాడు. అయితే అదేనని నేను అనుకుంటున్నాను. నువ్వు మేనమామవి, నీకు చెప్పుకుంటాడు. వాణ్ణి కాస్త కనుక్కో.

ఈ మధ్య వాడు ఒక మాటన్నాడు. షెడ్డులో ఏదో తొట్టికి మోటారు ఆగిపోయిందట. వడి లేకపోయేసరికి ఆ చేపలన్నీ ఎటు తిరగాలో తెలియక ఒకదాన్నొకటి గుద్దుకున్నాయట. "నాకు చూడబుద్ధి కాలేదమ్మా" అన్నాడు. చేపల పని చేసేవాడికి అంత మెత్తని మనసైతే ఎలారా?

వెంటనే రాయి. ఎవరి సంగతి వారిది.

రాజ్యం

*

చింతరేవు
19 నవంబరు 2023

వదినగారికి నూకరత్నం రాయడం.

వదినా, మీరు కూర్చుని చదవండి. పక్కన అల్మాస్‌నో కామాక్షమ్మగారినో కూర్చోబెట్టుకోండి. మీ కుట్లు మానేదాకా చెప్పొద్దని వాసు నా చేత ఒట్టు వేయించుకున్నాడు. కానీ ఆయన పేరుమీద మీ ఉత్తరాలు వస్తుంటే నేను విప్పి చదవలేకపోతున్నాను, చదవకుండా ఉండలేకపోతున్నాను.

మీ తమ్ముడు లేరు వదినా. దసరా వెళ్ళిన మర్నాడు పోయారు.

అమావాస్య రోజున మొగ దాకా దిగారు. చేప తగిలిన వేళకే వలకి కొట్టుకొచ్చిన మాను ఒకటి చుట్టుకుందట. తాడు బొటనవేలిని ఎముకదాకా కోసేసింది. తువ్వాలు చుట్టుకుని, నావ నడుపుకుంటూ సాయంత్రానికి వచ్చారు. నావలో రక్తం, ఆ రక్తంలో చేప. "ముందు ఆసుపత్రికి పదండి" అన్నాను. నా పెదాలు చూస్తే జవాబు చెప్పాలి కదా, మొహం అటు తిప్పేసుకున్నారు. "ముందు ఇది పొయ్యిమీద పెట్టు. దేవి వెళ్ళిపోతుంది" అన్నారు. మర్నాడు నేను వండినంతసేపూ పొయ్యి పక్కనే కూర్చుని, పుల్లలు ఎగదోస్తూ, ఉప్పు చాలిందా, ఆవకాయ నూనె వేశావా అంటూనే ఉన్నారు. అప్పటికే ఒళ్ళు కాలిపోతోంది. కాలి కట్టు కనబడకుండా పంచె కప్పుకుని, దేవి చేతికి క్యాను ఇచ్చాకే ఆటో ఎక్కారు.

అప్పటికి విషం ఎక్కిపోయిందన్నారు. ఆయనకి షుగరు ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఎప్పుడైనా చూపించుకుంటే కదా.

మంచం మీద ఒకటే అడుగుడు. మాట పడిపోయాక చెయ్యి నోటిదాకా తీసుకెళ్ళి, కళ్ళతో అడిగేవారు, అక్క తిందా అని. నేను వాసుకి ఫోను చేశాను. "కడుపు నిండా తింది అత్తా, క్యాను కూడా నాకేసింది" అన్నాడు. మందుల అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి ఆయన మొహం ముందు పట్టుకున్నాను. చదువుకున్నారు. నవ్వారు వదినా. ఆ నవ్వు నేను పెళ్ళిలో చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను.

మీకు తెలియని మాట ఒకటుంది. మీ నాన్నగారు, మావయ్యగారు, పోయేముందు పనసపొట్టు కూర కావాలన్నారు. అత్తయ్యగారు పులస కావాలన్నారు. అది మాఘమాసం, పులస ఎక్కడ దొరుకుతుంది? ఆయన రేవు రేవూ తిరిగి ఉత్తచేతులతో వచ్చారు. ఆవిడ ఆశగా గుమ్మంకేసి చూస్తూనే పోయారు. అప్పట్నుంచి మన ఇంట్లో పెద్దవాళ్ళు దేన్నైనా పేరుపెట్టి అడిగితే ఆయన వణికిపోయేవారు. మీ ఉత్తరం వచ్చిన రోజు అన్నం ముట్టలేదు. "అక్క అడిగిందే" అన్నారు, అంతే.

తౌసీఫ్ అనే అబ్బాయి పెద్దకర్మ ముందు వచ్చాడు. ఆయన చేతికే ఇవ్వాలన్నాడు. నేను ఫొటో చూపించాను. అప్పుడు మీ ఉత్తరం ఇచ్చాడు. రాళ్ళేనని రాశారు.

వదినా, ఒకటి అడుగుతాను. ఆ రోజు నేను పొయ్యి వెలిగించకపోతే, ఆ చేపని గోదాట్లోకి విసిరేసి ఆయన్ని లాక్కుపోతే, ఆయన ఉండేవారు. సుధారాణి ఆ మాట అనలేదు గానీ నా వంక చూడటం లేదు. మీరు నా మొహం చూస్తారా?

నూకరత్నం

*

కరామా
2 డిసెంబరు 2023, శనివారం

అమ్మా నూకరత్నం,

నీ ఉత్తరం అయ్యగారి ఆఫీసుకి వచ్చింది. ఆయనే తెచ్చిచ్చారు. నేను నిలబడే చదివాను. తరవాత ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు. కామాక్షమ్మగారు నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారట. వాసు వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకున్నాడు. వాణ్ణి నేనేమీ అనలేదు. వాడు మేనమామ కోసం ఏడవాలంటే ఇన్నాళ్ళూ నా ఎదుట కుదరలేదు. ఇప్పుడు ఏడ్చాడు.

నీ మొహం చూస్తానా అని అడిగావు. నూకరత్నం, పులుసు బాగుంది. ఇప్పుడు నిజం తెలిసింది కదా అని ఆ మాట మార్చను. ఉప్పు సరిపోయింది, పులుపు సరిపోయింది, ఆవకాయ నూనె వేళకి పడింది. వాడు పక్కన కూర్చుని అడిగినవన్నీ నువ్వు వేశావు. వాడి మాట నువ్వు కాదంటే వాడు ఆ కాలితోనే తానే వండేవాడు. వాడు నా తమ్ముడు, నాకు తెలుసు. మొహం తిప్పుకున్నవాడితో ఎవరు వాదిస్తారు? సుధారాణికి నేను చెబుతాను. ఫోనులో కాదు, ఎదురుగా కూర్చోబెట్టి చెబుతాను.

చెప్పుకోవలసింది నాదే. పుట్టినప్పట్నుంచీ నాకు భయమే. గాలి వీస్తే భయం, ఆగితే భయం. కనబడినదానికల్లా రాశాను. నీళ్ళలో నానకు, చలిలో తిరక్కు, లాంచీ వస్తుంది, దుంగ వస్తుంది. అన్ని రాసేసరికి వాటిలో ఏది నిజమో వాడికెలా తెలుస్తుంది? రాళ్ళని గడ్డన్నాను. కొయ్యాలంటే నా చేతిలో లేదన్నాను. వాడు ప్రతి ముక్కా నమ్మాడు. నమ్మేవాడికి అలా రాయకూడదని అరవై దాటాక కూడా నాకు తెలియలేదు.

నేను బాగున్నాను నూకరత్నం. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ ఇదే నిజం. కుట్లు మానాయి. షుగరు తగ్గింది. పోయేదాన్ని కాను.

మా అయ్యగారు టిక్కెట్టు తీశారు. వీసా క్యాన్సిల్ చెయ్యొద్దు, సెలవు ఇవ్వండి అని మొదట అడిగాను. తరవాత నేనే సెలవు వద్దు, క్యాన్సిలే చెయ్యండి అన్నాను. ఖలాస్, ఇక చాలు. వాసు ఇక్కడే ఉంటాడు, వాడికి వాడి పనుంది. అల్మాస్ నా గిన్నెలు ఉంచుకుంటానంది.

నీకు మోకాళ్ళు బాగాలేవు, ఒక్కదానివే నీళ్ళు మోస్తున్నావు. రేవు మెట్లు నేను దిగుతాను, పొయ్యి నువ్వు చూసుకో. ఊళ్ళో ఎవరేమన్నా అననీ, నేను నీ దగ్గరే ఉంటాను. ఏ చేపా కొనకు. ఆ పూటకి ముద్దపప్పూ, చారూ చాలు. షార్జాలో ఎక్కి విజయవాడలో దిగుతాను. అక్కడికి ఎవరినీ పంపకు, బస్సు నాకు తెలుసు. మన వీధి మలుపు దగ్గర నువ్వు మాత్రం నిలబడు. పదిహేనో తారీఖు, శుక్రవారం, సాయంత్రం.

రాజ్యం